పాత ఇంజన్‌కి కొత్త బుర్ర పెట్టిస్తే ఎంతవుతుంది?

గత నెల ఈ శీర్షికలో బొమ్మ రైళ్లని నడిపే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతి గురించి నాలుగు ముక్కలు రాశాను. పాత డీసీ పద్ధతిలో కంట్రోలర్ తిప్పి వోల్టేజి పెంచితే ట్రాక్ మీదున్న ఇంజన్లన్నీ కలిసి పరిగెడతాయి. డీసీసీలో అలా కాదు, పట్టాల్లో వోల్టేజి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, దాంతోపాటే అంకెల రూపంలో ఆర్డర్లు వెళ్తుంటాయి, ఇంజన్ లోపల డీకోడర్ అనే చిన్న బోర్డు తన నంబరుకు వచ్చిన ఆర్డర్‌ని మాత్రమే పట్టించుకుని మోటర్‌ని తిప్పుతుంది. అందుకే ఒకే ట్రాక్ మీద నాలుగు రైళ్లని నాలుగు రకాలుగా నడపొచ్చు. రాసింది ఇంతే. వచ్చిన ఉత్తరాల్లో మాత్రం పొగడ్తలు తక్కువ, లెక్కలు ఎక్కువ: "మా దగ్గరున్న పాతవాటికి ఇది పెట్టించాలంటే ఎంతవుతుంది?" సరే, ఈ నెల అంతా డబ్బు సంగతే. ధరలు సుమారుగా చెప్తున్నాను, షాపుని బట్టి మారతాయి.

ప్రశ్న (కొలంబస్, ఒహాయో): ఇక్కడ ట్రైన్ షోలో ఒక పెద్దాయన దగ్గర ఆరు ఆథర్న్ ఇంజన్లు, నీలం డబ్బాల్లో వచ్చే పాతవి, మొత్తం 150 డాలర్లకి తీసుకున్నాను. డీసీలో అన్నీ నడుస్తున్నాయి. అన్నిటికీ డీసీసీ, వీలైతే సౌండ్ కూడా పెట్టాలని ఉంది. డీకోడర్ పాతిక డాలర్లేనట కదా, ఇంకో 150లో పనైపోతుందా?

జవాబు: అవదండీ. ఇంజన్ పాతికకి దొరకడం మంచి బేరమే, కానీ మీరు లెక్కని డీకోడర్ దగ్గర ఆపేశారు. సౌండ్ లేని, హెచ్‌ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) ఇంజన్లకి పెట్టే మామూలు డీకోడర్ 25 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది, ఆరింటికి 150 నుంచి 240 అనుకోండి. డిజిట్రాక్స్, ఎన్‌సీఈ, టీసీఎస్, ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని ఆధారంగా తీసుకుని అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990లలో దాన్ని అందరికీ ఒకే ప్రమాణంగా పెట్టింది, అందుకే ఒకరి డీకోడర్ ఇంకొకరి కంట్రోలర్‌తో పనిచేస్తుంది. ఆ కంట్రోలర్ మీ దగ్గర లేదు కాబట్టి అదొక ఖర్చు, మొదటిసారి కొనేవాళ్లకి సరిపోయే సెట్టు 200 నుంచి 300 డాలర్లు. ఒక్కసారే పెట్టే ఖర్చు ఇది, ఇంజన్ ఒకటున్నా ఇరవై ఉన్నా అదే. అందుకే ఒక్క ఇంజన్ ఉన్నవాళ్లకి డీసీసీ చాలా ఖరీదుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. మీ నీలం డబ్బా ఇంజన్లు డీసీసీ అనే మాట పుట్టకముందు డిజైన్ చేసినవి. వాటిలో లోహపు ఛాసీయే, అంటే అడుగు చట్రమే, ఒక వైరు. ఒకవైపు చక్రాల నుంచి కరెంటు ఛాసీలోకి, ఛాసీ నుంచి మోటర్ అడుగున ఉన్న క్లిప్పుకి, అక్కణ్నుంచి బ్రష్‌కి, అంటే మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కకి, వెళ్తుంది. రెండోవైపు కరెంటు మోటర్ నెత్తిన ఉన్న పొడుగాటి క్లిప్పులోంచి వస్తుంది. డీసీకి ఇది చవకైన, తెలివైన ఏర్పాటే. డీకోడర్‌కి మాత్రం ఇదే ప్రాణాంతకం, ఎందుకంటే పట్టాల కరెంటు ముందు డీకోడర్‌లోకి వెళ్లి, దాని నుంచి మాత్రమే మోటర్‌కి రావాలి. మోటర్ ఎక్కడో ఒకచోట ఛాసీకి తగిలిందంటే కరెంటు దొడ్డిదారిన వచ్చి డీకోడర్‌ని కాల్చేస్తుంది. పాతిక డాలర్లు పొగ రూపంలో పోతాయి, వాసన మాత్రం రెండు రోజులుంటుంది.

కాబట్టి మోటర్‌ని బయటికి తీయండి. అడుగు క్లిప్పుకి కిందికి పొడుచుకొచ్చిన చిన్న మొనలు కనిపిస్తాయి, ఛాసీకి తగిలేవి అవే. వాటిని కత్తిరించండి, లేదా రాసి చదును చేయండి. మోటర్ కూర్చునే చోట వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపు వేయండి, మామూలు ఇన్సులేషన్ టేపు వేడికి జారిపోతుంది. మోటర్ మళ్లీ బిగించాక మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఒక కడ్డీ ఛాసీకి, ఇంకోటి బ్రష్ క్లిప్పుకి తగిలించండి. పైదీ కిందదీ రెండూ చూడాలి. బీప్ వచ్చిందా, ఆగిపోండి. రాకపోతే అప్పుడు వైర్లు: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగులు మోటర్‌కి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లన్నిటికీ కామన్. ఏ కంపెనీ అయినా ఈ రంగులే. పాత బల్బు ఛాసీకి ఆనుకుని వెలుగుతుంటుంది, దాన్ని కూడా తీసేసి ఎల్‌ఈడీ, ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి, ఇంజన్‌కి రెండు డాలర్లు కూడా కాదు.

ఇంకో పరీక్ష ఉంది, అది డీకోడర్ కొనకముందే చేయాలి. డీసీలో 12 వోల్ట్‌లు ఇచ్చి, మధ్యలో అమ్మీటర్ పెట్టి, చక్రాలు తిరగకుండా ఒక్క క్షణం వేలితో ఆపి రీడింగ్ చూడండి. మోటర్ గరిష్ఠంగా తాగే కరెంటు అది. పాత ఓపెన్ ఫ్రేమ్ మోటర్లు కొన్ని ఒక ఆంప్ దాటేస్తాయి. మీ డీకోడర్ మీద రాసిన ఆంప్‌లు దానికన్నా ఎక్కువ ఉండాలి. మరీ ఎక్కువ వస్తే మోటర్ శుభ్రం చేసి, బ్రష్‌లు చూసి, మళ్లీ కొలవండి, చాలాసార్లు దిగుతుంది. దిగకపోతే ఆ ఇంజన్‌కి కొత్త మోటర్ కావాలి, అదింకో 25, 30 డాలర్లు. ఆ పాత ఇనుప చక్రాలు మురికి బాగా పడతాయి, డీసీసీకి మురికంటే అసలు గిట్టదు, క్షణం పాటు కరెంటు తెగినా డీకోడర్ తడబడుతుంది. నికెల్ సిల్వర్ చక్రాలు మారిస్తే మరికొంత.

ఇవన్నీ ఇంట్లో చేసుకుంటే అయ్యే ఖర్చు. షాపులో ఇస్తే ఇలాంటి వైరింగ్ పనికి మజూరీయే ఇంజన్‌కి 50 నుంచి 100 డాలర్ల దాకా అడుగుతారు, అది అన్యాయం కూడా కాదు, రెండు మూడు గంటల పని మరి. సౌండ్ అంటారా, సౌండ్ డీకోడరే 80 నుంచి 130, స్పీకర్ వేరే. ఆరింటికీ సౌండ్ పెట్టి, పని షాపుకిచ్చి, కంట్రోలర్ కూడా కలిపితే వెయ్యి డాలర్లు దాటడం ఖాయం, పదిహేను వందలు దగ్గరపడినా ఆశ్చర్యం లేదు. అంత డబ్బుకి సౌండ్‌తో సహా ఫ్యాక్టరీలోనే బిగించిన కొత్త ఇంజన్లు నాలుగైదు వస్తాయి, అవి వీటికంటే మెత్తగా నడుస్తాయి కూడా.

మీ స్థానంలో నేనుంటే ఆరింట్లో బాగా నడిచే మూడు ఎంచుకుంటాను. రెండింటికి మామూలు డీకోడర్, ఒకదానికి సౌండ్. అమెరికా గూడ్సు రైళ్లు ఎలాగూ రెండు మూడు ఇంజన్లు జతచేసుకునే వెళ్తాయి కాబట్టి మూడూ ఒకే రైలుకి కట్టేయండి, ఒకటి అరిస్తే చాలు, మిగతావి కూడా అరుస్తున్నట్టే ఉంటుంది, చూడ్డానికొచ్చినవాళ్లు ఎవరూ కనిపెట్టలేరు. మిగిలిన మూడు డీసీలోనే ఉంచుకోండి, లేదా వచ్చే షోలో అమ్మేయండి. నీలం డబ్బాలు మాత్రం పారేయకండి, డబ్బా ఉంటేనే ధర.

ప్రశ్న (డాలస్): ఆన్‌లైన్‌లో "డీసీసీ రెడీ" అని రాసి ఉన్న వాడిన ఇంజన్ ఒకటి కొన్నాను. క్లబ్బులో డీసీసీ ట్రాక్ మీద పెడితే కుయ్యిమని గోల తప్ప కదలడం లేదు. మోసపోయానా?

జవాబు: లేదు, కానీ వెంటనే ట్రాక్ మీద నుంచి తీసేయండి, తర్వాత చదవండి. రెడీ అంటే డీకోడర్ ఉందని కాదు, పెట్టుకోవడానికి సాకెట్ ఉందని. డీకోడర్ లేని మోటర్‌కి డీసీసీ కరెంటు తగిలితే అది సెకనుకి కొన్ని వేలసార్లు అటూ ఇటూ మారుతుంటుంది కాబట్టి మోటర్ ఎటు తిరగాలో తెలియక అక్కడే వణుకుతూ వేడెక్కుతుంది. కోర్‌లెస్ మోటర్ (తిరిగే భాగంలో ఇనుము లేనిది) అయితే కాసేపట్లోనే కాలిపోతుంది. మూత తీసి, సాకెట్‌లో ఉన్న డమ్మీ ప్లగ్ లాగేసి, పిన్నుల సంఖ్య చూడండి. ఎనిమిది పిన్నులయితే ఎనిమిది పిన్నుల డీకోడర్, 21 అయితే 21 పిన్నులది. పది నిమిషాల పని, సోల్డరింగ్ లేదు. పై కొలంబస్ ఆయన పడబోయే కష్టం చదివారుగా, డీసీసీ రెడీకి నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినా నష్టం లేదనేది అందుకే.

ప్రశ్న (లెస్టర్, ఇంగ్లండ్): మా వీధి చివర చారిటీ షాపులో హార్న్‌బీ స్టీమ్ ఇంజన్లు రెండు, ఒక్కోటి 25 పౌండ్లకి దొరికాయి. ఒకదాంట్లో మోటర్ ఇంజన్‌లో కాకుండా వెనక బొగ్గు పెట్టెలో ఉంది, రెండోది ఇంకా పాతది, ట్రైయాంగ్ అని రాసి ఉంది. మా అబ్బాయికి ఫోన్‌తో నడపాలని ఆశ. ఎంత పెట్టొచ్చు?

జవాబు: ఇక్కడ అసలు కన్నా కొసరెక్కువ అయ్యే ప్రమాదం ఉంది, ముందే చెప్తున్నాను. మామూలు డీకోడర్ 20 నుంచి 35 పౌండ్లు, అంటే ఇంజన్ ధరే. ఫోన్‌తో నడపాలంటే 2023లో హార్న్‌బీ తెచ్చిన హెచ్‌ఎం 7000 రకం డీకోడర్లు ఉన్నాయి, బ్లూటూత్‌తో నేరుగా ఫోన్ యాప్‌కి కలుస్తాయి, సౌండ్ కూడా వాటిలోనే. ధర ఇంజన్ ధరకి రెండింతలు దాటుతుంది. కానీ వాటికి వేరే డీసీసీ కంట్రోలర్ అక్కర్లేదు, ట్రాక్‌కి తిన్నగా కరెంటు ఇచ్చే సరైన అడాప్టర్ ఉంటే చాలు. ఒకటి రెండు ఇంజన్లే ఉన్న ఇంటికి మొత్తం మీద అదే చవక పడుతుంది. పది ఇంజన్లున్నవాళ్లకి లెక్క తిరగబడుతుంది, గుర్తుంచుకోండి.

బొగ్గు పెట్టెలో మోటర్ ఉన్నదాన్ని రింగ్‌ఫీల్డ్ అంటారు. దాని మోటర్‌లో ఒక బ్రష్ లోహపు ఛాసీకి కలిసి ఉంటే దాన్ని విడదీయాలి, ముఖభాగం ప్లాస్టిక్‌తో ఉన్న మోటర్ అయితే పని తేలిక. మీది ఏదో మూత తీసి చూడాల్సిందే. వీటికున్న అసలు జబ్బు కరెంటు అందకపోవడం. ఒక పట్టా కరెంటు ఇంజన్ చక్రాల నుంచి, రెండో పట్టాది టెండర్ (ఆ బొగ్గు పెట్టె) నుంచి వస్తుంది, టెండర్ చక్రాలకేమో పట్టు కోసం రబ్బరు తొడుగులు వేస్తారు, రబ్బరులోంచి కరెంటు రాదు కదా. డీసీలో ఆ లోటు వేగంలో కొట్టుకుపోతుంది, డీసీసీలో పట్టాలు చీలే ప్రతి పాయింటు దగ్గరా ఇంజన్ ఆగుతుంది. ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య సన్నని వైర్లు లాగి, రెండు వైపులా చక్రాల నుంచి కరెంటు తీసుకునే పికప్‌లు అదనంగా పెట్టండి. పైసా ఖర్చు లేదు, ఓపిక కావాలి. మోటర్ మరీ అరిగిపోతే పాత సీడీ డ్రైవ్‌లలో ఉండే చిన్న మోటర్‌ని అందులో కూర్చోబెట్టేవాళ్లు మీ ఇంగ్లండ్‌లో చాలామందే ఉన్నారు, దానికి కావాల్సిన ప్లాస్టిక్ అమరిక అమ్ముతారు కూడా. కరెంటు తక్కువ తాగుతుంది, మెత్తగా నడుస్తుంది.

ట్రైయాంగ్‌లో ఎక్స్‌04 అనే రకం మోటర్ ఉంటుందనుకుంటే, బ్రష్‌లని నొక్కి ఉంచే స్ప్రింగ్ తీగ ఒకవైపు చిన్న గొట్టం తొడిగి కనిపిస్తుంది, రెండోవైపు ఉండదు. ఆ రెండోవైపు కూడా అలాంటి గొట్టమే తొడిగి, బ్రష్‌కి వేరే వైరు ఇస్తే మోటర్ ఛాసీ నుంచి విడిపోయినట్టే. మోటర్ మీద రేడియో గోల రాకుండా పెట్టిన కెపాసిటర్ ఉంటే తీసేయండి, డీకోడర్‌కి అది అడ్డం. అయితే నా మాట వింటే ఆ ట్రైయాంగ్‌ని ముట్టుకోకండి. దానికి పాత డీసీ కంట్రోలర్‌తో గుండ్రంగా తిరగడమే అందం. రింగ్‌ఫీల్డ్‌కి ఒక బ్లూటూత్ డీకోడర్ పెట్టండి, అబ్బాయికి అది చాలు.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): పక్కింటి తాతగారు ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ల చిన్నప్పటి లయొనెల్ సెట్టు మా పాపకి ఇచ్చేశారు. 1950ల నాటిదట. మూడు పట్టాలు, బరువైన నల్ల ట్రాన్స్‌ఫార్మర్. దీనికీ డీసీసీ పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు కానీ పెట్టకండి. 1945 నుంచి 1969 దాకా వచ్చిన లయొనెల్‌లని పోస్ట్‌వార్ అని పిలుచుకుంటూ సేకరించేవాళ్లున్నారు, లోపల ఒక్క వైరు కోసినా వాళ్ల దృష్టిలో విలువ పడిపోతుంది. పైగా మీది ఏసీలో నడిచేది, మోటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉండదు, కాయిల్ ఉంటుంది, మామూలు డీసీసీ డీకోడర్ దాన్ని నేరుగా నడపలేదు. దీని కోసం ప్రత్యేక బోర్డులు ఉన్నాయి, బోర్డు, సౌండు, పనితనం కలిపితే మళ్లీ కొన్ని వందల డాలర్లు.

ఆ కాలం వాళ్ల తెలివి చూడండి ఒకసారి. కరెంటు ఒకసారి ఆపి ఇస్తే ఇంజన్ ముందుకి, ఆపి ఇస్తే నిలబడుతుంది, ఇంకోసారి ఆపి ఇస్తే వెనక్కి. లోపల ఈ-యూనిట్ అనే చిన్న గిలక ఒకటి టక్కుమని తిరుగుతుంది, చెవి పెడితే వినిపిస్తుంది. కూత కోసం ట్రాన్స్‌ఫార్మర్ మీద మీట నొక్కితే ఏసీతో పాటు కొంచెం డీసీ కలిసి పట్టాల్లోకి వెళ్తుంది, టెండర్‌లోని రిలే ఆ డీసీని పసిగట్టి కూత మోటర్‌ని తిప్పుతుంది. ఒక్క చిప్ కూడా లేకుండా ఇదంతా! మీ పాపకి ఇది చూపించండి. డీకోడర్ పెడితే ఇది చూపించడానికేమీ మిగలదు.

డబ్బు పెట్టాల్సింది మాత్రం ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద. డెబ్భై ఏళ్ల నాటి కరెంటు వైరు తొడుగు ఎండి పగిలిపోయి ఉంటుంది, ప్లగ్ పెట్టకముందు దాన్ని తెలిసినవాళ్లతో మార్పించండి, లేదా దాన్ని షెల్ఫులో పెట్టి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. కొత్తవాటిలో కరెంటు ఎక్కువైతే చటుక్కున ఆపేసే ఏర్పాటు బాగుంటుంది, పిల్లలున్న ఇంట్లో అది ముఖ్యం. ఇక రిమోట్‌తో నడపాలనే కోరిక ఉంటే లయొనెల్‌లోనే 1990ల మధ్య నుంచి కమాండ్ కంట్రోల్ (రిమోట్‌తో ఆర్డర్లిచ్చే పద్ధతి) వచ్చిన ఇంజన్లు వాడినవి దొరుకుతాయి, అదే ట్రాక్ మీద నడుస్తాయి. ఆ పద్ధతి వెనక కెనడా గాయకుడు నీల్ యంగ్ ఉన్నారు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకు కూడా రైలు నడుపుకోగలగాలని ఆయన కంట్రోలర్ల పనిలో దిగారు.

ప్రశ్న (స్టుట్‌గార్ట్): ఇక్కడ చదువుకుంటున్నాను. సంతలో పాత మార్క్‌లిన్ ఇంజన్, నీలం ట్రాన్స్‌ఫార్మర్ కలిపి 40 యూరోలకి కొన్నా. ముందు డీకోడర్ పెడదామా, ముందు నడుపుదామా?

జవాబు: డీకోడర్ పెట్టాలనుకుంటే ఆ నీలం ట్రాన్స్‌ఫార్మర్‌ని దగ్గరికి రానివ్వకండి. మార్క్‌లిన్‌లో ఇంజన్ దిశ మార్చాలంటే పట్టాల్లోకి 24 వోల్ట్‌ల దెబ్బ ఒకటి పంపాలి, పాత నీలం పెట్టెలు 220 వోల్ట్‌ల కరెంటుకి చేసినవి, ఇప్పుడు ఇళ్లలో 230 వస్తోంది కాబట్టి ఆ దెబ్బ ఇంకా పైకి పోతుంది, డీకోడర్ చచ్చిపోతుంది. మోటర్ కూడా మార్చాలి, కాయిల్ తీసి అయస్కాంతం, మూడు పోళ్ల ఆర్మేచర్ (తిరిగే భాగం) బదులు అయిదు పోళ్లది. ఆ మోటర్ భాగాల సెట్టు, డీకోడర్ కలిపి వంద యూరోలకి అటూ ఇటూ. స్టూడెంట్‌వి కాబట్టి చెప్తున్నా, ఇప్పటికి ఉన్నదాంతో నడుపుకో, మార్క్‌లిన్ ఊరు గోపింగెన్ పక్కనే కదా, ఖాళీ ఆదివారం వెళ్లి కంపెనీ వాళ్ల మ్యూజియం చూసిరా, కొనడం సంగతి ఉద్యోగం వచ్చాక.

ప్రశ్న (కాజీపేట): మా నాయన ఇక్కడ లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యారు, ఆయన కోసమే ఇది. అమెరికా నుంచి మా బావ పాత బాక్‌మన్ సెట్టు తెస్తానంటున్నాడు, ఇంజన్లు రెండు, పట్టాలు, పవర్ ప్యాక్ అన్నీ ఉన్నాయట. ఇక్కడ డీసీసీ పెట్టడం ఎంతలో అవుతుంది? నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను, సోల్డరింగ్ వచ్చు.

జవాబు: సోల్డరింగ్ వచ్చంటే సగం ఖర్చు తగ్గినట్టే. మొదట బావగారికి ఫోన్ చేసి పవర్ ప్యాక్ అక్కడే వదిలేయమనండి. అది 120 వోల్ట్‌లకి చేసింది, మన 230లో పెడితే అదే రోజు పోతుంది. ఇంజన్లు బోర్లించి ఫొటో తీసి పంపమనండి. మోటర్ ఇంజన్ మధ్యలో కాకుండా చక్రాల బోగీలోనే బిళ్లలా ఇరికించి ఉంటే అవి చవక సెట్లలో వచ్చే రకం, కరెంటు ఎక్కువ తాగుతాయి, కుదుపుతో నడుస్తాయి, వాటి మీద డీకోడర్ ఖర్చు దండగ. అలాంటివైతే వాటి బదులు వాడిన డీసీసీ రెడీ ఇంజన్ ఒకటి కొనమని చెప్పండి. పట్టాల కింద ప్లాస్టిక్ నల్లగా ఉంటే అవి స్టీలువి, తుప్పు పడతాయి, బూడిద రంగైతే నికెల్ సిల్వర్. బూడిదవే తేవాలి, నల్లవాటి కోసం పెట్టెలో చోటు వేస్ట్ చేయొద్దు.

కంట్రోలర్ కొనకండి, చేసుకోండి. డీసీసీ-ఈఎక్స్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆర్డుయినో మెగా బోర్డులో ఎక్కిస్తే అదే కమాండ్ స్టేషన్, అంటే పట్టాల్లోకి ఆర్డర్లు పంపే పెట్టె, అవుతుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో మెగా, దాని మీద కూర్చునే మోటర్ షీల్డ్, ఒక వైఫై బోర్డు, 14, 15 వోల్ట్‌లిచ్చే అడాప్టర్ తీసుకోండి, అన్నీ కలిపి మూడు వేలకి కొంచెం అటూ ఇటూగా వస్తాయి. అమెరికాలో వాళ్లు 200 డాలర్లు పెట్టేది దీనికే. షీల్డ్ కింద విన్ కనెక్ట్ అని ఒక జంపర్ ఉంటుంది, దాన్ని బ్లేడుతో తెంపాకే కరెంటు ఇవ్వండి, లేకపోతే ట్రాక్ వోల్టేజి ఆర్డుయినోలోకి పోయి బోర్డు కాలుతుంది. ఆ షీల్డ్ ఒక ఛానల్‌కి రెండు ఆంప్‌లు ఇస్తుంది, రెండు హెచ్‌ఓ ఇంజన్లకి ధారాళంగా సరిపోతుంది. నడపడానికి మీ నాయనగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇంజన్ డ్రైవర్ అనే యాప్ వేయండి, అది కూడా ఉచితమే. పేరు ఆయనకి నచ్చుతుంది.

ఇక డీకోడర్లు. ఒక్కోటి రెండున్నర వేల పైమాటే, ఇక్కడ షాపుల్లో దొరకడం కష్టం. పార్శిల్‌లో తెప్పించకండి. ఆటవస్తువుల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు, కస్టమ్స్ వాళ్లు మీ డీకోడర్‌ని ఏ లెక్కలో వేస్తారో ముందే చెప్పలేం. తులం బరువు కూడా ఉండవు, బావ పెట్టెలో వేసుకొచ్చేస్తాడు. మూడు తెమ్మనండి, రెండు పెట్టడానికి, ఒకటి కాలడానికి. కొత్త డీకోడర్‌ని నేరుగా మెయిన్ ట్రాక్ మీద పెట్టకుండా ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ నంబరు మార్చడానికి వాడే విడి ట్రాక్) మీద పెట్టి చూడండి, అక్కడ కరెంటు చాలా తక్కువ ఇస్తారు కాబట్టి వైరింగ్ తప్పున్నా డీకోడర్ బతుకుతుంది. ఫ్యాక్టరీ నుంచి అన్నీ 3వ నంబరుతోనే వస్తాయి, మార్చకపోతే రెండు ఇంజన్లూ ఒకేసారి కదులుతాయి. అన్నీ కలిపి పదకొండు వేలకి అటూ ఇటూగా అయిపోవాలి, సౌండ్ లేకుండా. సౌండ్ డీకోడర్ ఒక్కటే దాదాపు ఆ డబ్బు అవుతుంది. షెడ్‌లో ముప్పై ఏళ్లు విన్నాయనకి అమెరికా ఇంజన్ చప్పుడు ఎలాగూ నచ్చదు, దాన్ని వదిలేయండి.

ప్రశ్న (షార్లెట్, నార్త్ కరోలినా): నేను రైళ్ల మనిషిని కాదు, భార్యని. మావారు 30 డాలర్లకి కొన్న పాత ఇంజన్‌కి 118 డాలర్ల సౌండ్ బోర్డు పెట్టారు. రేపు అమ్మితే 150 వస్తాయంటున్నారు. వస్తాయా?

జవాబు: రావమ్మా. పాత ఇంజన్‌కి చేతితో పెట్టిన డీకోడర్‌కి కొనేవాళ్లు సగం ధర కూడా కట్టరు, వైరింగ్ ఎలా చేశారో వాళ్లకి తెలియదు కదా. అయితే 118 పూర్తిగా పోయినట్టు కాదు. బోర్డు, స్పీకర్ రెండూ విప్పి రేపు ఇంకో మంచి ఇంజన్‌లో పెట్టుకోవచ్చు. డీజిల్ శబ్దం తీసేసి స్టీమ్ శబ్దం ఎక్కించుకునే రకం బోర్డులు కూడా ఉన్నాయి, ఆయనది అదేనేమో అడగండి. అమ్మాలనుకున్న రోజు బోర్డు తీసేసి, పాత డీసీ వైరింగ్ మళ్లీ పెట్టి, ఇంజన్‌ని 30కే అమ్మమనండి. ఇంకో ఇంజన్ కొనకుండా ఆ బోర్డు ఖాళీగా ఎన్నాళ్లుంటుందో మాత్రం నేను హామీ ఇవ్వలేను.